పంచతంత్రం, ఈసప్ కథల్లో నీతి: కథతో పుట్టిందా, తర్వాత అతికించారా?

మూడోచేప

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం జంతువుల నీతికథల సంపుటి ఒకటి తయారవుతోంది. ముందుమాట దగ్గరా, ప్రతి కథ చివర పెట్టాల్సిన నీతివాక్యం దగ్గరా పని ఆగిపోయింది. తెలిసినవాళ్లు సాయం చేయాలి.

ఒకటి. ఈ కథలు మొదట పుట్టింది గ్రీసులోనా, మన దగ్గరా? పుస్తకానికో మాట కనిపిస్తోంది. తప్పు లేకుండా నాలుగు వాక్యాలు రాయాలంటే ఏం రాయాలి?

రెండు. హంసలు కర్రతో మోసుకెళ్తుంటే నోరు తెరిచి కిందపడ్డ తాబేలు కథకు ఒకచోట "అతిగా మాట్లాడకు" అనీ, ఇంకోచోట "హితులు చెప్పింది విను" అనీ నీతి ఉంది. ఏది అసలుది?

మూడు. కొన్ని కథల్లో మోసగాడే గెలుస్తాడు. పంచతంత్రం మొదటి భాగం మిత్రభేదం చివర ఎద్దు చస్తుంది, కుట్ర పన్నిన నక్క దమనకుడు మంత్రిగా హాయిగా ఉంటాడు. పిల్లల పుస్తకం కదా, ముగింపు మార్చవచ్చా?

ఘంటం

మొదటి ప్రశ్న వరకు నేను చెబుతాను.

గ్రీసా, భారతా అని వాదించుకునేవాళ్లు మెసొపొటేమియా సంగతి మరిచిపోతారు. క్రీ.పూ. 1800 ప్రాంతపు సుమేరియన్ మట్టిపలకల మీద, సామెతల వరుసల మధ్యలో, రెండు మూడు వాక్యాల జంతుకథలున్నాయి. ఒకదానిలో తొమ్మిది తోడేళ్లూ, వాటితో పదోదీ కలిసి గొర్రెల్ని చంపుతాయి. పంపకానికి దిగిన పదోది అంటుంది: మీరు తొమ్మిదిమంది, మీకు ఒక గొర్రె, నేను ఒక్కణ్ణి, నాకు తొమ్మిది. రెండువైపులా కూడితే పదే వస్తుంది కాబట్టి లెక్క సరిపోయిందన్నమాట! కథ అంతే, కింద నీతివాక్యం ఏమీ లేదు.

అక్కడిదే ఏతాన అనే రాజు గాథలో గద్దా పామూ స్నేహం చేస్తాయి. గద్ద పాముపిల్లల్ని తినేస్తుంది, పాము సూర్యదేవుడు షమష్‌కు మొరపెట్టుకుంటుంది. క్రీ.పూ. 7వ శతాబ్దపు గ్రీకు కవి ఆర్కిలోకస్ చెప్పిన కథలో పాముకు బదులు నక్క ఉంటుంది, మొర వినేది గ్రీకు దేవరాజు జ్యూస్. మిగతా నడకంతా దాదాపు అదే. ఈసప్ కథల్ని గ్రీకు పద్యాలుగా కట్టిన బాబ్రియస్ కూడా ఈ రకం కథ నైనస్, బేలస్ అనే పురాణ రాజుల కాలంనాటి ప్రాచీన సిరియన్ల సృష్టి అని తన సంపుటిలోనే రాశాడు.

ఇక ఈసప్. ఆయన స్వయంగా రాసిన పుస్తకమంటూ లేదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఆయన్ని సామోస్ ద్వీపంలో ఇయాడ్మన్ అనేవాడి బానిసగా ప్రస్తావిస్తాడు. క్రీ.పూ. 300 ప్రాంతంలో డెమెట్రియస్ చేర్చిన సంపుటి పోయింది. ఇప్పుడు చేతికందే పాత సంపుటాలు రెండు: క్రీ.శ. 1వ శతాబ్దపు ఫీడ్రస్ లాటిన్ పద్యాలు, బాబ్రియస్ గ్రీకు పద్యాలు. మన పంచతంత్రాన్ని సాధారణంగా క్రీ.శ. 300 ప్రాంతానిదిగా చెబుతారు. అందుకని "ఈసప్ క్రీ.పూ. 6వ శతాబ్దం, పంచతంత్రం క్రీ.శ. 300, కనుక గ్రీసే ముందు" అని తేల్చేస్తుంటారు. ఈ లెక్కలో ఒకవైపు మనిషి బతికిన కాలం, రెండోవైపు పుస్తకం కూర్చిన కాలం ఉన్నాయి. పుస్తకంతో పుస్తకాన్నే పోల్చాలి. అలా చూస్తే భార్హుత్ స్తూపం రాతికంచె మీద క్రీ.పూ. 2, 1 శతాబ్దాల్లోనే జాతక కథలు (బుద్ధుడి పూర్వజన్మల కథలు) పేర్లతో సహా చెక్కి ఉన్నాయి. ఫీడ్రస్ కన్నా అవే పాతవి.

ఒక కథ రెండుచోట్లా ఉంటే ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చడానికి కథాంశం ఒకటే అయితే చాలదు. కథకు అవసరం లేని చిన్న వివరం కూడా రెండుచోట్లా కలవాలి. పులితోలు గాడిదనే చూడండి. పాళీ జాతకాల్లో (మొత్తం 547, ఇది 189వది) గాడిదకు సింహం తోలు కప్పి చేలల్లోకి తోలేది దాని యజమాని అయిన వర్తకుడు. పంచతంత్రంలో చాకలి, తోలేమో పులిది. గ్రీకు కథలో గాడిద తనంతట తానే తోలు కప్పుకుని మిగతా జంతువుల్ని బెదిరిస్తుంది. తోలు ఎవరు కప్పారన్న ఒక్క విషయంతో నీతి పూర్తిగా మారిపోయింది. మన గాడిద ఓండ్రపెట్టి ప్రాణం పోగొట్టుకుంటుంది, "వాగ్దోషాద్గర్దభో హతః". గ్రీకు గాడిద గొప్పలకు పోయి నవ్వులపాలవుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు "ఇది దానికి నకలు" అని రాయకపోవడమే క్షేమం.

సింహం వెంట తిరిగి మిగిలింది తినేది గుంటనక్క, గ్రీకులో దాని స్థానంలో మామూలు నక్క ఉంది, కాబట్టి మూలం భారతదేశమే అన్న వాదన 19వ శతాబ్దం నుంచీ నడుస్తోంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ గుంటనక్కలు గ్రీసులోనూ ఉన్నాయి.

ప్రయాణం సంగతి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. పర్షియాను ఏలిన సస్సానిద్ చక్రవర్తి ఖుస్రో అనుషిర్వాన్ (531–579) కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు పంచతంత్రాన్ని పహ్లవీలోకి (అప్పటి పారశీక భాషలోకి) తెచ్చాడు. ఆ ప్రతి దొరకదు. దాని నుంచి క్రీ.శ. 750 ప్రాంతంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలో చేసింది "కలీలా వ దిమ్నా". మన నక్కలు కరటక దమనకులే కలీలా, దిమ్నా. అక్కడి నుంచి హీబ్రూకు, లాటిన్‌కు, యూరప్ భాషలకు వెళ్లింది. ఇంగ్లీషులోకి 1570లో థామస్ నార్త్ తెచ్చాడు. 1678లో ఫ్రెంచి కవి లా ఫోంటెన్ తన రెండో సంపుటి ముందు, భారతీయ జ్ఞాని పిల్పేకు రుణపడి ఉన్నానని ఒప్పుకున్నాడు.

మీ నాలుగు వాక్యాలు ఇలా ఉండొచ్చు: "రాతలో దొరికిన పాత జంతుకథల్లో కొన్ని సుమేరియన్ పలకల మీద ఉన్నాయి. గ్రీసులోనూ భారతదేశంలోనూ ఇవి సంపుటాలుగా చేరకముందే జనం నోళ్లలో తిరిగాయి. కొన్ని కథలు రెండుచోట్లా ఉన్నా ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో అన్నిటికీ తేలలేదు. పంచతంత్రం మాత్రం 6వ శతాబ్దంలో పశ్చిమానికి బయలుదేరి వెయ్యేళ్లలో యూరప్ అంతా చుట్టింది."

నీలినక్క

పుట్టుక గురించి అన్నారు కానీ, ఎందుకు పుట్టాయో చెప్పలేదు. ఫీడ్రస్ మూడో పుస్తకం మొదట్లో సూటిగా చెప్పాడు: బానిసకు మనసులో మాట బయటికి అనే ధైర్యం లేక కథల్లో దాచాడు. ఫీడ్రస్ కూడా బానిసత్వం నుంచి విడుదలైనవాడే. తోడేలు, గొర్రెపిల్ల కథ కింద ఆయన రాసుకున్న నీతి కూడా లేని నేరాలు మోపి అమాయకుల్ని అణిచేవాళ్ల గురించే. అంటే ఇది బలహీనుడి ఆయుధం. పిల్లలకు అది చెప్పకుండా "మంచిగా ఉండండి" అని రాస్తే కథను చంపినట్టే.

కరటకుడు

నీలినక్క గారూ, సగం ఒప్పుకుంటాను. అదే ఆయుధాన్ని బలవంతుడు కూడా వాడాడు. క్రీ.పూ. 494లో రోమ్ సామాన్యులు నగరం వదిలి కొండెక్కి కూర్చుంటే, పెద్దలు పంపిన మెనీనియస్ అగ్రిప్పా వాళ్లకు పొట్టా అవయవాల కథ చెప్పి వెనక్కి తెచ్చాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. పొట్ట ఊరికే కూర్చుని తింటోందని చేతులూ నోరూ పళ్లూ పని మానేస్తే చివరికి ఒళ్లంతా నీరసించింది, కాబట్టి తిరిగి పనిలోకి రండి అని. ఇది బానిస చెప్పే కథ కాదు కదా.

అరిస్టాటిల్ వాక్కళ మీద రాసిన గ్రంథం రెండో భాగం 20వ అధ్యాయంలో ఈ కథల్ని వాదనకు పనికొచ్చే ఉదాహరణల కింద పెట్టాడు. జరిగిన సంఘటనల్లో పోలిక వెతకడం కష్టం, కథ కల్పించడం తేలిక, అందుకే జనసభల్లో ఇవి బాగా పనికొస్తాయంటాడు. ఆయన ఇచ్చిన రెండు నమూనాలూ రాజకీయాలే. మొదటిది: ఫలారిస్‌ను సేనాధిపతిని చేసి, అంగరక్షకుల్ని కూడా ఇవ్వబోతున్న హిమేరా ప్రజలకు కవి స్టెసికోరస్ చెప్పిన గుర్రం కథ. లేడి మీద పగ తీర్చుకోవడానికి గుర్రం మనిషిని వీపెక్కించుకుని కళ్లెం వేయించుకుంది, ఆ కళ్లెం మళ్లీ ఊడలేదు. రెండోది ఇంకా ఘాటు. సామోస్‌లో మరణశిక్ష పడబోతున్న ఒక నాయకుడి తరఫున ఈసప్ చెప్పాడట: గోతిలో పడ్డ నక్కను గోమార్లు (రక్తం తాగే పురుగులు) పట్టి పీడిస్తుంటే, తీసేయనా అని ముళ్లపంది అడిగింది. వద్దంది నక్క. ఇవి ఇప్పటికే తాగి ఉన్నాయి, వీటిని తీస్తే ఆకలి మీదున్నవి వస్తాయి అంది. అంటే, ఈ నాయకుడు ఇప్పటికే బాగా వెనకేసుకున్నాడు, వీణ్ణి చంపితే కొత్తవాడు మొదటి నుంచి మొదలుపెడతాడు అని వాదన! ఇది సద్బుద్ధి నేర్పే కథా, దొంగను కాపాడే కథా? చెప్పేవాడి పక్షం తెలిస్తే తప్ప నీతి తేలదు.

ఇప్పుడు మూడోచేప గారి తాబేలుకు వద్దాం. రెండు నీతులూ అసలువే. కచ్ఛప జాతకం (215)లో కాశీరాజు వదరుబోతు. అతని మంత్రి బోధిసత్వుడు (ఆ జన్మలోని బుద్ధుడు), చెప్పడానికి అదును కోసం చూస్తుంటాడు. తాబేలు వచ్చి రాజభవనం ముంగిట్లోనే పడి రెండుగా పగులుతుంది. ఎందుకిలా అయిందని రాజు అడిగితే మంత్రి చెప్పే జవాబు నోటిదురుసు గురించే. పంచతంత్రంలో ఇదే కథను చెప్పేది ఆడ టిట్టిభం (తీతువు పిట్ట). సముద్రం ఒడ్డున గుడ్లు పెట్టడం ప్రమాదమంటే వినని మొగుడితో అంటుంది. అక్కడ శ్లోకం హితం కోరే మిత్రుల మాట పెడచెవిన పెట్టేవాడు కర్రమీంచి జారిన తాబేలులా నశిస్తాడనే అంటుంది. వినేవాడు మారాడు, నీతి మారింది. మీ పుస్తకంలో టిట్టిభం లేదంటే రెండో నీతికి ఆధారం పోయినట్టే, అప్పుడు జాతకం నీతే పెట్టండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సింహం, కుందేలు కథతో. "బుద్ధిర్యస్య బలం తస్య" అని ఎక్కడపడితే అక్కడ అచ్చేస్తారు. ఈ కథను ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారో చూడండి. ఏ పాపం ఎరగని ఎద్దు సంజీవకుణ్ణి సింహం పింగళకుడి చేత చంపించడానికి పథకం వేస్తూ, బలంతో కానిది ఉపాయంతో అవుతుందని దమనకుడు తోటి నక్క కరటకుడికి చెప్పిన వరుసలోది అది. బంగారు గొలుసు పాముపుట్టలో వేసిన కాకి కథా, కొంగ మెడ నరికిన ఎండ్రకాయ కథా అదే వరుసలోవి. ఈ చట్రం, అంటే ఎవరు ఎవరికి చెప్పారన్న పైకథ, తీసేస్తే కుందేలు వీరుడు. చట్రంలో పెడితే ఒక కుట్రదారు తన తెలివికి తెచ్చుకున్న సాక్షి.

గ్రీకు కవి హేసియడ్ (క్రీ.పూ. 700 ప్రాంతం) చెప్పిన డేగ, కోకిల కథ దీనికి తిరగేసినది. గోళ్లకు చిక్కి ఏడుస్తున్న పిట్టతో డేగ, బలవంతుణ్ణి ఎదిరించేవాడు మూర్ఖుడు అంటుంది. కథ అక్కడే తెగుతుంది. డేగ మాటే నీతి అనుకుంటాం. ఓ డెబ్భై పంక్తుల తర్వాత హేసియడ్ చెబుతాడు: చేపలూ మృగాలూ పక్షులూ ఒకదాన్నొకటి తింటాయి, వాటికి న్యాయం లేదు, మనుషులకు జ్యూస్ న్యాయం ఇచ్చాడు అని. జంతువు నోట వచ్చిన ఆఖరి మాటంతా కథకుడి అభిప్రాయం అనుకోకూడదు.

మూడో ప్రశ్నకు: ముగింపు మార్చిన మొదటివాళ్లు మీరు కారు. దమనకుడు తప్పించుకోవడం ఇబ్బందిగా తోచినందువల్లే కావచ్చు, అరబ్బీ ప్రతిలో దిమ్నా మీద విచారణ జరిపి శిక్ష వేయించే అధ్యాయం అదనంగా ఉంది. సంస్కృతంలో అది లేదు. ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేర్చిందేనని పండితుల అభిప్రాయం. కానీ మీకు ఆ అవసరం లేదు. మూలంలోనే పోరు జరుగుతుండగా కరటకుడు దమనకుణ్ణి చాలాసేపు దులిపేస్తాడు. ధర్మబుద్ధి, పాపబుద్ధి కథా, ఎలుకలు ఇనుప తక్కెడ తిన్న కథా ఆ చీవాట్లలోవే. పిల్లల పుస్తకాల్లో ఈ రెండూ విడిగా వేసి, చీవాట్లు ఎత్తేస్తారు. వాటిని తిరిగి అక్కడ పెడితే ముగింపు మార్చకుండానే పని జరుగుతుంది.

మూడోచేప

చట్రం ఇంత ముఖ్యమనుకోలేదు. కానీ అయిదు తంత్రాల చట్రం మొత్తం పెట్టేంత చోటు లేదు, ఒక్కో కథకు రెండు పేజీలే. అసలు ఈ వయసు పిల్లలకు నీతివాక్యం వేయాలా, వద్దా? వేస్తే ఎలా రాయాలి?

తేనెతుట్టె

వేయాలా వద్దా అన్న తగువు పాతదే. 1693లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ పిల్లవాడికి చదవడం వచ్చాక బొమ్మల ఈసప్ ఇమ్మన్నాడు. 1762లో తత్వవేత్త రూసో వద్దే వద్దన్నాడు. కాకి, నక్క కథ చదివిన పిల్లవాడు కాకిని చూసి నవ్వి నక్క పక్షాన చేరతాడు, అంటే పొగిడి కాజేయడం నేర్చుకుంటాడు, సింహం ఉన్న కథైతే తానే సింహం అనుకుంటాడు అన్నది ఆయన అభ్యంతరం. ఇది తోసిపుచ్చగలిగిన మాట కాదు. పిల్లలు గెలిచినవాడి వైపే ఉంటారు. 1759లో జర్మన్ రచయిత లెస్సింగ్ ఈ కథను తిరగరాసి, కాకి నోట్లోది తోటమాలి పెట్టిన విషపు మాంసం చేశాడు. పొగిడి సంపాదించిన నక్క తిని చస్తుంది. తెలివైన మార్పే, కానీ ఇప్పుడు కాకికి ఏ పాఠమూ లేదు. ముగింపు మారిస్తే పాఠం నేర్చుకునే పాత్రే మారిపోతుందని గుర్తుంచుకోండి.

చోటు లేదన్నారు కాబట్టి చట్రాన్ని ఒక్క వాక్యానికి కుదించండి, కథకు పైన పెట్టండి: "సముద్రాన్ని లెక్కచేయని మొగుడితో ఆడ టిట్టిభం చెప్పిన కథ." పదిహేను పదాలు దాటనివ్వకండి. ఈ పంక్తి ఉంటే సగం నీతి చెప్పకుండానే అందుతుంది.

నీతివాక్యాన్ని మాత్రం కథకు ముందు పెట్టకండి. పాత గ్రీకు, లాటిన్ సంపుటాల్లో కొన్నిటికి ముందే ఉంటుంది. ఏ సందర్భానికి ఏ కథ పనికొస్తుందో ఉపన్యాసకులు వెతుక్కోవడానికి అది గుర్తుగా మొదలైందంటారు. పిల్లవాడికి ఆ అవసరం లేదు, ముందే తెలిస్తే కథ చదవడు. చివర పెట్టండి, లేదా ఇంకా మేలు, ఓడిన జంతువు నోటే ఒక మాటగా చెప్పించండి. అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్న నక్క మాట తర్వాత ఇంకేం రాసినా దండగే.

రాసేటప్పుడు ముందుగా కథను "ఫలానాది ఇలా చేసింది, కనుక ఇలా అయింది" అని ఒక్క వాక్యంలో పెట్టి చూడండి. "కనుక" అతకకపోతే, అంటే చెడ్డ జంతువు నెత్తిన ఊరికే రాయి పడితేనో, వేటగాడు హఠాత్తుగా ఊడిపడితేనో, ఆ కథకు నీతి రాయలేరు. తిరగరాతల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. మూలంలో జంతువు తన పనివల్లే చెడుతుంది. రాసేవాళ్లు హింస తగ్గిద్దామని దాన్ని ప్రమాదంగా మారుస్తారు, దాంతో కారణం పోతుంది. తాబేలు చావకూడదనుకుంటే డిప్ప పగిలిందని రాయండి, కానీ నోరు తెరవడం వల్లే పడాలి.

తర్వాత "దుష్ట", "జిత్తులమారి", "అమాయక" లాంటి విశేషణాలన్నీ కొట్టేయండి. నక్క అనగానే పిల్లవాడికి తెలిసిపోతుంది. జంతువుల్ని ఎందుకు వాడతారంటే వాటి స్వభావం అందరికీ ముందే తెలిసి ఉండటమే కారణమని లెస్సింగ్ కూడా అన్నాడు. విశేషణం పెడితే తీర్పు మీరే చెప్పేసినట్టు, ఇక చివరి వాక్యానికి పని ఉండదు. నూటయాభై నుంచి రెండువందల పదాలు చాలు. పాత్రలు రెండు, తప్పనిసరైతే మూడు.

నీతివాక్యంలో జంతువు పేరు రానివ్వకండి, ఎనిమిది పదాలు దాటనివ్వకండి, ఒకే పాఠం ఉంచండి. "మరియు" వచ్చిందంటే రెండు పాఠాలు దూరాయని అర్థం. అన్నీ "చేయరాదు", "ఉండవలెను" అని ఆజ్ఞలుగా ఉంటే పిల్లలు ఆ పంక్తి చదవడం మానేస్తారు. కొన్నిటికి నీతికి బదులు ప్రశ్న పెట్టండి.

అచ్చుకు ముందు నీతిని కాగితంతో మూసి, ఆ వయసు పిల్లలు ముగ్గురు నలుగురి చేత చదివించండి. "నీతి ఏమిటి" అని అడగొద్దు, "అబద్ధం ఆడరాదు" అని బడిలో వచ్చిన జవాబే చెబుతారు. "తప్పు ఎవరిది? నువ్వయితే ఎక్కడ ఆగేవాడివి?" అని అడగండి. వాళ్ల జవాబులు మీ నీతికి దూరంగా ఉంటే మార్చాల్సింది కథనాన్నే. నీతివాక్యాన్ని ఇంకా గట్టిగా రాసి లాభం లేదు.

మోసగాడు గెలిచే కథలు మొత్తం తీసేయకండి. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన పిల్లి, ఎలుక కథ ఈ వయసుకు బాగా కుదురుతుంది. వలలో పడ్డ పిల్లితో ఎలుక పొత్తు పెట్టుకుంటుంది, ఎందుకంటే తనకోసం ముంగిసా గుడ్లగూబా కాచుకుని ఉన్నాయి. తాళ్లు మాత్రం వెంటనే కొరకదు, వేటగాడు దగ్గరికి వచ్చేదాకా ఆగుతుంది. అప్పుడైతే పిల్లికి పారిపోవడం తప్ప తనను తినే తీరిక ఉండదు. ఆ తర్వాత పిల్లి స్నేహంగా పిలిచినా బయటికి రాదు. ఇందులో చెడ్డవాడెవరో చెప్పలేం, పిల్లలు దీని మీద తెగ వాదించుకుంటారు.

ఘంటం

ఒక సంపాదకీయ జాగ్రత్త. మీ కథలు పంచతంత్రం నుంచా, హితోపదేశం నుంచా అన్నది కథ కథకూ సరిచూసుకోండి. పంచతంత్రం మిత్రభేదంతో మొదలవుతుంది, అయిదు తంత్రాలు. నారాయణుడి హితోపదేశంలో నాలుగే భాగాలు, మొదటిది మిత్రలాభం. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలోనూ మిత్రలాభమే ముందు. తెలుగులో తిరిగే చాలా సంపుటాలు రెంటినీ కలిపేసి పైన "పంచతంత్రం" అని వేస్తాయి. తాబేలు, హంసల కథ పంచతంత్రంలో మిత్రభేదంలో ఉంటే, హితోపదేశంలో సంధి అనే నాలుగో భాగంలో ఉంది, చెప్పే సందర్భమూ వేరు. తేనెతుట్టె గారు చెప్పిన ఆ ఒక్క పంక్తి చట్రం రాసేముందు మీ ప్రతి ఏదో చూసుకోకపోతే టిట్టిభం లేని పుస్తకానికి టిట్టిభాన్ని అంటగట్టినట్టవుతుంది.